ప్రమాదం జరిగి ఏడాదిన్నర అయింది. మందు తాగకుండా నిద్ర పట్టడం లేదు. కౌన్సెలింగ్‌తో తగ్గుతుందా?

సూర్యాపేట డ్రైవర్:

అందరికీ నమస్తే. మాది సూర్యాపేట, వయసు 36. ఇంతకుముందు హైదరాబాద్‌లో క్యాబ్ నడిపేవాణ్ణి. ఇది రాద్దామని వారం నుంచి ఫోన్ తీస్తున్నా, మళ్లీ జేబులో పెడుతున్నా. పొడుగైతే ఏమనుకోకండి.

పోయిన ఏడాది సంక్రాంతికి నేనూ, మా బామ్మర్దీ కారులో ఇంటికి వస్తున్నాం. తెల్లవారుజాము నాలుగున్నర, బాగా పొగమంచు. నార్కట్‌పల్లి దగ్గర వాడు "బావా, ఆపు, టీ తాగి పోదాం" అన్నాడు. "ఇంకో ముప్పావు గంటలో ఇంట్లో ఉంటాం, మీ అక్క చేతి టీ తాగుదువులే" అన్నాను. కట్టంగూరు దాటాక రోడ్డు మీద లారీ ఆగి ఉంది. వెనక లైటు లేదు, రేడియం స్టిక్కరు కూడా లేదు. దగ్గరికి వచ్చేదాకా కనపడలేదు. రైట్‌కి కట్ కొట్టాను. నా వైపు బయటపడింది, ఎడమ వైపు మొత్తం లారీ కిందికి పోయింది. అంబులెన్స్ వచ్చేదాకా వాడి చెయ్యి నా చేతిలోనే ఉంది. వాడికి 24 ఏళ్లు.

నాకు భుజం ఎముక విరిగింది, రెండు నెలల్లో అతుక్కుంది. తప్పు లారీదేనని పోలీసులు రాసుకున్నారు. మా ఆవిడ ఇప్పటిదాకా ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది అనిపిస్తుంది.

ఇప్పుడు నా పరిస్థితి చెప్తాను. బండి తుక్కుకి అమ్మేశాను. స్టీరింగ్ మళ్లీ పట్టుకోలేదు. మా అన్న హార్డ్‌వేర్ షాపులో కూర్చుంటున్నా. నా ఎడమ పక్కన మనిషి ఉంటే తట్టుకోలేను. షాపులో ఎడమ వైపు గోడ ఉండేటట్టు కుర్చీ వేసుకున్నా. రాత్రి మంచం మీద మా ఆవిడ కుడి వైపుకు మారింది, ఎందుకని అడగలేదు. టీ తాగడం మానేశాను. రేకు కిందపడ్డ చప్పుడైతే ఒళ్లంతా చెమట. మొదట నిద్ర కోసం 90 తాగేవాణ్ణి, తర్వాత క్వార్టర్ అయింది, ఈ ఆరు నెలలుగా హాఫ్ దాకా పోతోంది. అయినా రెండున్నర, మూడింటికి మెలకువ వస్తుంది. ఇక్కడ ఒక డాక్టరు నిద్రమాత్రలు రాశారు. మందు తాగి అవి కూడా వేసుకున్న రోజులున్నాయి.

మా అమ్మ జాన్‌పహాడ్ దర్గాకు తీసుకుపోయింది. అక్కడ ఉన్న రెండు రోజులు నిజంగా మనసు నిమ్మళంగా ఉండె. ఇంటికొచ్చాక మళ్లీ మామూలే.

మానసిక డాక్టరు దగ్గరికి పోదాం అంటే మా ఊళ్లో దానికి ఒకటే అర్థం, ఎర్రగడ్డ. చిన్నప్పుడు ఎవరినైనా తిట్టాలంటే అదే మాట అనేవాళ్లం. నా పేరు అక్కడ రాస్తే రేపు లైసెన్సుకు అడ్డమవుతుందా? మాట్లాడితే తగ్గుతుంది అంటారు, జరిగింది జరిగిపోయింది కదా, మాట్లాడితే ఏం మారుతుంది? ఎవరైనా నిజంగా పోయి వచ్చినవాళ్లుంటే చెప్పండి. మందు ఈ రాత్రి నుంచే పూర్తిగా బంద్ చేద్దామని కూడా అనుకుంటున్నా.

వార్డు నర్సు:

అన్నా, మిగతావన్నీ తర్వాత. ముందు ఆ చివరి లైను గురించి. ఈ రాత్రే ఒక్కసారిగా బంద్ చేయకు. నేను మద్యం మాన్పించే వార్డులో పనిచేస్తాను. నెలల తరబడి రోజూ అంత తాగే శరీరానికి ఒక్కసారిగా ఆపితే మొదట చేతులు వణకడం, చెమటలు, వాంతులు వస్తాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపల కొందరికి లేనివి కనపడటం, ఎక్కడున్నారో తెలియకపోవడం జరుగుతుంది. అందులో ప్రాణాలు పోయిన మనుషులను చూశాను. "మా ఆయన మానేశాడు మేడం, అందుకే సంతోషపడ్డాం" అని ఏడ్చే ఇల్లాళ్లను చూశాను. మానడం మంచిదే, కానీ డాక్టరు చేతి కింద మానాలి. బి1 విటమిన్ ఇంజెక్షన్ ఇస్తారు, వణుకు రాకుండా మందులిచ్చి వాటిని రోజురోజుకూ తగ్గిస్తారు. చాలామందికి వారంలో గండం గడుస్తుంది.

రెండో మాట. మందు మీద నిద్రమాత్ర ఎప్పుడూ వేసుకోవద్దు. రెండూ కలిసి ఊపిరిని మందగింపజేస్తాయి.

మూడింటికి మెలకువ ఎందుకు వస్తుందో కూడా తెలుసుకో. మద్యం తొందరగా పడుకోబెడుతుంది. అది దిగిపోయే వేళకి నిద్ర చెదిరిపోతుంది, అణచిపెట్టిన కలలు ఒక్కసారే మీద పడతాయి. నువ్వు ఆ కలల నుంచి తప్పించుకుందామని తాగుతున్నావు, అదే వాటిని తెల్లవారుజాముకి తెచ్చి నీ ముందు పెడుతోంది.

లైసెన్సు సంగతి: చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో ఉంది. ఆసుపత్రి నీ కాగితాలను ఆర్టీఏకి పంపించడం లాంటిదేమీ ఉండదు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే 14416 కి ఫోన్ చెయ్యి. టెలీ మానస్ అంటారు, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టింది. డబ్బులు కట్టక్కర్లేదు, రాత్రి మూడింటికైనా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. చచ్చిపోవాలనే ఆలోచన వస్తే మాత్రం రేపటిదాకా ఆగకు, అప్పుడే చెయ్యి, మీ ఆవిడకు కూడా అప్పుడే చెప్పు. నువ్వు రాయలేదు కానీ నేను అడగకుండా ఉండలేను: అలాంటి ఆలోచన వస్తోందా?

సూర్యాపేట డ్రైవర్:

అక్కా, బంద్ చేయడం ఆపాను, డాక్టరును అడిగాకే. ఆ ఆలోచన ఒకటి రెండుసార్లు వచ్చింది, ఇప్పుడు లేదు. ఆ నంబరు మా ఆవిడ ఫోన్‌లో కూడా సేవ్ చేశాను.

దివిసీమ పెద్దాయన:

బాబూ, నేను రిటైరైన వాణ్ణి. మాది నాగాయలంక వైపు పల్లె. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు నాకు 11 ఏళ్లు. తాటిచెట్టు పట్టుకుని మా నాన్న, నేను మిగిలాం. మా అమ్మ, చెల్లెలు మిగల్లేదు. ఆ తర్వాత ఊళ్లో ఎవరూ ఆ రాత్రి గురించి మాట్లాడుకునేవాళ్లు కాదు. పనిలో పడితే అదే పోతుంది అన్నారు పెద్దవాళ్లు. పాపం, వాళ్లకు తెలిసింది అదే. చదువుకున్నాను, ఉద్యోగం చేశాను, పిల్లల పెళ్లిళ్లు చేశాను. అయినా నవంబరులో తూర్పు గాలి మొదలైతే నేను పడుకోను. లైటు వేసుకుని హాల్లో కూర్చుంటాను. మా అబ్బాయి "నాన్నకి నిద్ర తక్కువ" అనుకుంటాడు.

ఈ బాధకు వైద్యుల పుస్తకంలో పీటీఎస్‌డీ అని ఒక పేరు పెట్టింది 1980లోనట, అమెరికా సైకియాట్రీ సంఘం వాళ్లు. మా ఉప్పెన అయిన మూడేళ్లకు. పేరు లేని రోజుల్లో మేం ఎవరి దగ్గరికి వెళ్తాం? నీకు పేరు ఉంది, వైద్యం ఉంది. నాలాగా జీవితమంతా లైటు వేసుకుని కూర్చోకు. ఇది మా అబ్బాయికి కూడా చెప్పని మాట, నీ కోసం ఇక్కడ రాశాను.

తెనాలి టీచర్:

తమ్ముడూ, నిన్ను "నువ్వు" అంటున్నందుకు ఏమీ అనుకోకు. నాకు 49. మాట్లాడితే ఏం మారుతుంది అని అడిగావు కదా, దానికి నా దగ్గర జవాబు ఉంది. కాస్త ఓపికగా చదువు.

2019 ఆగస్టులో మా వంటింట్లో గ్యాస్ లీకై మంటలు వచ్చాయి. తెల్లవారి ఐదింటికి పాలు కాచడానికి మా అత్తయ్య పొయ్యి వెలిగించారు. నేను పరుగెత్తుకుని వెళ్లి దుప్పటి కప్పాను, నా చేతులు కాలాయి. ఆవిడ తొమ్మిది రోజులు ఉండి వెళ్లిపోయారు. ఇంట్లో ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. ముందురోజు రాత్రి పది గంటలకే నాకు వాసన తగిలింది. సిలిండర్ ఆరోజే మార్చాం కాబట్టి అదేలే, పొద్దున చూద్దాం అని పడుకున్నాను. నీ టీ సంగతి చదివి లేచి వెళ్లి మొహం కడుక్కుని వచ్చాను.

నేను మందు ముట్టలేదు, మాత్రలు ముట్టాను. ఆల్ప్రాజోలం, ఆందోళన తగ్గడానికి ఇచ్చేవి. మొదట డాక్టరు పది రోజులకు రాశారు. తర్వాత మందుల షాపు అబ్బాయి చీటీ అడక్కుండా ఇచ్చేవాడు. రోజుకొకటి మూడయ్యాయి, అలా మూడేళ్లు. రాత్రి లేచి రెగ్యులేటర్ చూసేదాన్ని, పడుకునేదాన్ని, మళ్లీ లేచేదాన్ని. మావారు ఇండక్షన్ స్టవ్ కొనిపెట్టారు. గ్యాస్ పొయ్యి ఎప్పుడైనా కావాలంటే ఆయనే వెలిగించేవారు. ప్రేమతోనే చేశారు. అదే నా భయాన్ని పెంచిపోషించిందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

2022లో క్లాసులో పాఠం చెబుతుండగా పక్క సందులో ఎవరో చెత్త కాల్చారు. పిల్లలందరినీ గ్రౌండ్‌లోకి తరిమేశాను. ఒక ఆరో తరగతి పాప భయపడి ఏడ్చింది. ఆ రోజు సాయంత్రం గుంటూరులో సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లాను. ఆయన ముందు నా మాత్రలు తగ్గించడం మొదలుపెట్టారు, దానికే నాలుగు నెలలు పట్టింది. వాటిని కూడా నీ మందు లాగే ఒక్కసారి ఆపకూడదు. తర్వాత మాటలతో వైద్యం చేసే ఒక క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి పంపారు. సెషన్‌కు వెయ్యి రూపాయలు, గంటన్నర. మొత్తం 14 సెషన్లు.

మొదటి రెండుసార్లు ఆవిడ మంటల గురించి అడగనే లేదు. ఊపిరి లోపలికి తీసుకున్నదానికంటే నెమ్మదిగా బయటికి వదలడం నేర్పింది. నేను ఏమేం తప్పించుకుని తిరుగుతున్నానో రాసుకుంది. మూడోసారి కళ్లు మూసుకుని ఆ తెల్లవారుజామును చెప్పమంది. అదీ ఇప్పుడే జరుగుతున్నట్టు. "లేచాను" అనకూడదు, "లేస్తున్నాను" అనాలి. "వాసన వచ్చింది" కాదు, "వాసన వస్తోంది". తమ్ముడూ, క్రియలో ఆ చిన్న మార్పుకి నా ఒళ్లంతా వణికిపోయింది. మధ్యలో ఆపి "భయం సున్నా నుంచి వందలో ఎంత?" అని అడిగేది. 95 అన్నాను. అయిపోయాక మళ్లీ మొదటి నుంచి చెప్పమంది, మళ్లీ ఇంకోసారి. అదంతా ఫోన్‌లో రికార్డు చేసి రోజూ ఇంట్లో వినమంది.

అబద్ధం చెప్పను, ఆ పది రోజులు నరకం. కలలు ఎక్కువయ్యాయి. మానేద్దామని మావారితో అన్నాను. కొందరికి మొదట్లో ఇలా పెరిగి తర్వాత తగ్గుతుందని ఆవిడ ముందే చెప్పి ఉండకపోతే మానేసేదాన్నే. సాయంత్రం ఐదున్నరకి మేడ మీద గ్లాసుడు నీళ్లు పెట్టుకుని వినేదాన్ని. 95, 90, 90, 80. రెండో వారం చివరికి ఒకరోజు పిల్లల నోట్సులు దిద్దుతూ విన్నాను. ఆ మాట చెబితే ఆవిడ ఒప్పుకోలేదు. సగం మనసుతో వింటే అది కూడా తప్పించుకోవడమే అంది. మళ్లీ చేతులు ఖాళీగా పెట్టుకుని విన్నాను. 40 కి వచ్చింది. అప్పటిదాకా నా ఒంటికి ఆ మంట ఇంకా మండుతూనే ఉందన్నమాట. అది ఆరిపోయిందని, అది 2019 సంగతని ఒంటికి అన్నిసార్లు చెప్పాల్సి వచ్చింది. మాట్లాడితే నాలో మారింది ఇదే.

వాసన సంగతి ఏడో సెషన్‌లో బయటపడింది. ఎప్పుడు చెప్పినా పది గంటల నుంచి ఐదింటికి దూకేస్తున్నానని ఆవిడే పట్టుకుంది. మధ్యలో ఏముందని అడిగింది. చెప్పాను. ఓదారుస్తుందేమో అనుకున్నా. నోటుబుక్కు ఇచ్చి గీత గీయమంది. ఒక పక్క, రాత్రి పది గంటలకు నాకు నిజంగా తెలిసింది. రెండో పక్క, ఆ తర్వాత తెలిసింది. మొదటి పక్క నాలుగు లైన్లే వచ్చాయి: సిలిండర్ కొత్తది, మార్చినప్పుడు కాస్త వాసన మామూలే, కిటికీ తెరిచి ఉంది, పొద్దున స్కూలు ఉంది. మిగతాదంతా రెండో పక్కనే. మూడేళ్లూ రెండో పక్క ఉన్నదాన్ని మొదటి పక్క పెట్టి నాకు శిక్ష వేసుకున్నాను. నువ్వు కూడా ఆ పేజీ రాయి. నార్కట్‌పల్లి దగ్గర నీకు ఏం తెలుసు? ఇంట్లో వాళ్ల అక్క ఉంది, టీ ఉంది, ముప్పావు గంట దూరం. ఆ లారీ నీకు తెలియదు.

ఇక మెట్లు. భయపడేవాటిని తక్కువ నుంచి ఎక్కువకు వరసగా రాయించింది. లైటర్ చప్పుడు వినడం 30. మావారు టీ పెడుతుంటే వంటింట్లో నిలబడటం 45. ఆయన పక్కనుంటే నేను వెలిగించడం 70. తెల్లవారి ఐదింటికి ఒక్కదాన్నే వెలిగించడం 100. ఒక్కో మెట్టు మీద భయం సగానికి దిగేదాకా కదలకుండా నిలబడాలి. ఇండక్షన్ స్టవ్‌ను అటక మీద పెట్టించింది. ఆ వందో మెట్టు ఎక్కిన రోజు పాలు పొంగిపోయాయి, నేను అలా చూస్తూ నిలబడ్డాను. గ్యాస్ వాసన వస్తే ఇప్పటికీ గుండె ఒకసారి జారుతుంది. కిటికీ తెరుస్తాను, రెగ్యులేటర్ ఒక్కసారి చూస్తాను, వెళ్లి పడుకుంటాను.

ఇలా కాకుండా ఈఎండీఆర్ అని ఇంకో పద్ధతి ఉంది. జ్ఞాపకాన్ని మనసులో ఉంచుకుని, థెరపిస్టు వేలు కదిలిస్తుంటే కళ్లతో దాన్ని అనుసరించాలి. ఫ్రాన్సిన్ షపీరో అనే అమెరికా సైకాలజిస్టు 1987లో మొదలుపెట్టింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013 మార్గదర్శకాల్లో దాన్నీ, నేను చేసినలాంటి థెరపీనీ రెండింటినీ సిఫారసు చేసింది. ఏది చేసినా నేర్చుకున్న మనిషి దగ్గరే చేయించుకో. బోర్డు మీద కౌన్సెలర్ అని రాసుకున్న ప్రతివాళ్లూ ఒకటి కాదు. క్లినికల్ సైకాలజిస్టు అయితే రిహాబిలిటేషన్ కౌన్సిల్ అనే కేంద్ర సంస్థలో రిజిస్ట్రేషన్ ఉంటుంది, నంబరు అడుగు. "ట్రామాకి మీరు ఏ పద్ధతి చేస్తారు, ఎన్ని సెషన్లు" అని అడుగు. సూటిగా చెప్పలేనివాళ్ల దగ్గర డబ్బు పోయకు. నేను మొదట వెళ్లిన ఒకాయన మూడు వారాలు పాజిటివ్‌గా ఆలోచించమని చెప్పి పంపాడు.

వార్డు నర్సు:

టీచరమ్మ చెప్పినదానికి ఒక్క మాట కలుపుతాను. ముందు మందు పూర్తిగా మానితేనే థెరపీ అని ఒకప్పుడు అనేవాళ్లు. ఇప్పుడు రెండూ కలిపి చూస్తారు. మధ్యలో ఒకరోజు తాగినా సిగ్గుపడి సెషన్ మానేయకు, వెళ్లి ఆ మాటే చెప్పు. డాక్టరు దిగులు, భయం తగ్గించే సెర్ట్రలిన్ లాంటిది రాస్తే నిద్రమాత్ర అనుకుని భయపడకు, దానికి అలవాటుపడి డోసు పెంచుకుంటూ పోయే బాధ ఉండదు. పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. ఆపేటప్పుడు మాత్రం డాక్టరును అడిగి మెల్లగా ఆపాలి.

సూర్యాపేట డ్రైవర్ (రెండు నెలల తర్వాత):

మీ అందరికీ చెప్పాలని వచ్చాను. ఆ రాత్రే 14416 కి చేశాను, పదిహేను నిమిషాలు మాట్లాడాను. తర్వాత ఆసుపత్రిలో ఆరు రోజులు ఉన్నాను. రెండో రోజు చేతులు ఎంత వణికాయంటే గ్లాసు మా అన్న పట్టుకోవాల్సి వచ్చింది. ఇంట్లోనే బంద్ చేసి ఉంటే ఏమయ్యేదో అక్కడ పడుకున్నప్పుడు అర్థమైంది. ఆసుపత్రి నుంచి వచ్చాక రెండుసార్లు తాగాను. రెండుసార్లూ వెళ్లి చెప్పాను.

థెరపీ హైదరాబాద్‌లో. అంటే ప్రతి వారం అదే రోడ్డు మీద పోవాలి. మొదటిసారి బస్సులో చౌటుప్పల్ దాకా కళ్లు మూసుకునే ఉన్నాను. థెరపీ చేసే సార్‌కు చెబితే అదే మన మెట్లలో ఒకటి అన్నారు. ఇప్పుడు కళ్లు తెరుచుకునే పోతున్నా. కట్టంగూరు దగ్గర 80 ఉండేది, పోయిన వారం 55. అదే చోట రోడ్డు పక్కన ఇప్పుడు పుచ్చకాయలు అమ్ముతున్నారు, నేను చూడనే లేదు ఇన్నాళ్లు.

టీచరక్క చెప్పిన పేజీ రాశాను. సార్‌కు చూపించాను. తర్వాత ఇంట్లో మా ఆవిడకు కూడా చూపించాను. చదివి చాలాసేపు ఏమీ అనలేదు. అప్పుడు చెప్పింది: నార్కట్‌పల్లి దాటాక వాడు దానికి ఫోన్ చేశాడట. "అక్కా, బావ బండి ఆపట్లేదు, టీ పెట్టి ఉంచు" అన్నాడట, నవ్వుతూ. అది లేచి పాలు పొయ్యి మీద పెట్టింది. ఏడాదిన్నర నుంచి ఆ మాట నాకు చెబితే నేను ఏమైపోతానో అని లోపలే పెట్టుకుంది. ఆ రాత్రి ఇద్దరం చాలాసేపు ఏడ్చాం. పెళ్లయిన తర్వాత మేం అంత మాట్లాడుకోవడం అదే మొదలు. సార్ దగ్గరికి అది కూడా పోవాలి, దానికీ తమ్ముడు పోయాడు కదా. ఆ సంగతి నాకు ఎందుకు తట్టలేదో.

పెద్దాయనా, మీరు మీ అబ్బాయికి చెప్పారా? నవంబరు రాకముందే చెప్పండి.

గురువారం మళ్లీ సెషన్ ఉంది. ఈసారి తను కూడా వస్తానంది. బస్సులో నాకు ఎడమ పక్కన కూర్చుంటానంది. నేను ఇంకా సరే అనలేదు.